రేపటిదాకా విప్పొద్దు

సోమవారం. అనంతపురం పాతూరులో మా మ్యూజియం:
రెండు గదులు, ఒక ఫ్యాను, నేను.
మూలల్లో పరిచిన జిగురు అట్టలు ఏరుకొచ్చి
నోటుపుస్తకంలో రాస్తాను.
కిటికీ కింద ఈగలు రెండు. చీమలకు లెక్క లేదు.
తోలుబొమ్మల బీరువా దగ్గర
బియ్యపుగింజంత పిల్లపురుగు, ఒళ్ళంతా వెంట్రుకలు,
ఒకటి.

ఒకటంటే ఒకటి కాదని
ఈ ఉద్యోగం నేర్పిన తొలి కూడిక.

బీరువా అడుగున సన్నటి పొడి,
విడిచిపోయిన పొట్టు చొక్కాలు.
నాట్యకత్తెను కిటికీకి ఎత్తిపట్టి చూశాను.
వడ్డాణం నిండా చిల్లులు.
ఉలి కొట్టినవెన్ని, పురుగు కొట్టినవెన్ని?
వెలుగుకు ఆ తేడా పట్టదు,
రెండింట్లోంచీ ఒకేలా వస్తుంది.

ఫోన్ చేస్తే కుళ్ళాయప్ప తాత ధర్మవరం బస్సులో దిగాడు.
చూపు ఆనదు. వేలికొసతో వడ్డాణం తడిమి
"ఇది మా నాయన చెయ్యి. ఇదీ మా నాయనదే.
ఇది గాదు. ఇక్కడ లెక్క తప్పింది" అన్నాడు.

అప్పట్లో ఏం పెట్టేవాళ్ళు తాతా, వేపాకా, కర్పూరమా?

"ఏం పెట్టేది? ఆడిస్తాంటిమి.
ఆముదం దీపం పొగ, తెల్లార్లూ ఎగురుళ్ళు,
పురుగుకు కూసునే తీరిక యాడిది?
మీరు పండబెట్టినారు. అది లేసింది."

అంగడి మూసేసిన ఐస్‌క్రీం ఆయన అమ్మిన ఫ్రీజర్ ఉంది మాకు,
మూతమీద ఇంకా నవ్వుతున్న మామిడిపండు.
పాలిథీన్‌లో చుట్టి, గాలి పిండి, టేపు వేసి
ఆమెను అందులో పడుకోబెట్టాం.
"సలికి వణుకుతాదేమో" అన్నాడు తాత.
కాసేపాగి, "మేకతోలే గదా" అన్నాడు.

బయట నలభై మూడు డిగ్రీలు.
కరెంటు పోయినప్పుడల్లా
ఫ్రీజర్ మీద మా ఇంటి కంబళి కప్పాను
(కంబళికి పట్టే పురుగు వేరే, దానికి వేరే పేజీ).

పదిహేనో రోజు తాత మళ్ళీ వచ్చాడు.
బయటికి తీశాక టేపు మీదికి పోతున్న ఆయన చెయ్యి పట్టుకున్నాను.
రేపటిదాకా విప్పొద్దు.
చల్లటి తోలుకు మన గాలి తగిలితే చెమట పట్టి
రంగులు కారిపోతాయి.

"అట్లనా" అని బల్ల పక్కనే తువ్వాలు పరుచుకున్నాడు.
రాత్రి వాచ్‌మన్ ఖాసింపీరాను టార్చి వేయమని
కవరు పైనుంచే ఆమె మోచెయ్యి, మోకాలు
మెల్లగా కదిపాడట.
గోడమీద నీడ లేచిందని ఖాసింపీరా చెప్పాడు,
ఇంకేం చెప్పలేదు.

నా పుస్తకంలో అలాంటి గడి లేదు.
గీత గీసి, ఒకటి చేర్చాను:
బొమ్మ పదిహేడు. పురుగులు, సున్నా.
ఆడింది, ఒకసారి.