ముప్పై ఏడో బెర్తు

నా శ్రుతిదండాన్ని ఆల్మాటీ విమానాశ్రయంలో
ఓ కుర్రాడు, ఇరవై రెండేళ్లుంటాయేమో,
వెలుతురుకెత్తి పట్టి తిప్పి తిప్పి చూశాడు.
"రెండు మొనలున్నాయి" అన్నాడు.
ఉంటాయి నాయనా, లేకపోతే మోగదు.
మోగించి చూపిస్తానన్నాను.
వద్దన్నాడు. వెనక క్యూ ఉంది.
ముప్పై ఒక్కేళ్లు నా కోటు జేబులో బతికిన స్వరం
గోళ్ల కత్తెరల మీద, సగం తాగిన నీళ్ల సీసాల మీద
టక్కుమని పడింది.
పడుతూ కూడా కాస్త మోగింది.
విన్నది నేనొక్కదాన్నే.

తర్వాత బూట్లు విప్పాను, బెల్టు విప్పాను,
యాభై తొమ్మిదేళ్లదాన్ని, చేతులు పైకెత్తి
గాజు గదిలో దొంగలా నిలబడ్డాను.
పదకొండో గేటు. కాదు, నాలుగో గేటు.
కాదు కాదు, మళ్లీ పదకొండే.
గంట ఆలస్యానికి చింతిస్తున్నామంది
పైనుంచి ఏ చింతా లేని గొంతు.
మూడు గంటలకీ చింతించింది.
చీకటి పడేసరికి ఆ పూట గాల్లోకి లేచినవి
నా రక్తపోటు, కాఫీ ధర.
కరగండా సంగీత పాఠశాలలో పియానో
మర్నాడు అపశ్రుతితోనే పిల్లల పరీక్ష దాటించిందట.

అందుకని ఇప్పుడు రైలు.

మా తమ్ముడు ఎర్మూరత్ నవ్వుతాడు,
గంటన్నర దారికి పదిహేడు గంటలా అక్కా అని.
తక్కెడ మీంచి వేలు తీసి తూచరా అన్నాను.
టాక్సీ, క్యూలు, చింతించడాలు,
తిరిగే బెల్టు మీద రాని సంచీ,
అవన్నీ ఎవడి ఖాతా?
ఈ వయసులో నేల విడిచి సాము నావల్ల కాదు.

రైలేమీ స్వర్గం కాదు.
ముప్పై ఏడో బెర్తంటే మరుగుదొడ్డి పక్కది.
తలుపు రాత్రంతా దవడలు కొట్టుకుంటూనే ఉంటుంది.
ఎవరో ఎండుచేప పొట్లం విప్పుతారు,
ఎవరివో మేజోళ్లు దానితో పోటీకి దిగుతాయి.
పై బెర్తు సిపాయి గురక మంద్రంలో,
పావు స్వరం తక్కువగా.
సరిచేద్దామని చేతులు లాగుతుంటాయి.

పనిముట్ల సంచీ తలకింద పెట్టుకుంటాను.
సుత్తి, ఉక్కు తీగె చుట్టలు, ఫెల్టు ముక్కలు,
లీటరు సీసా నిండా జామ్.
ఎవరూ తెరవమనలేదు.
బోగీ చూసుకునే కుల్యాష్ మాత్రం
టీ గ్లాసు పెడుతూ అడిగింది, జామ్ దేనిదని.
ఆప్రికాట్ అన్నాను.
చెంచా తనే తెచ్చుకుంది.

విమానానికి మధ్య ఊళ్లుండవు.
ఎక్కిన చోటు, దిగిన చోటు,
నడుమనున్నదంతా మడిచి అడుగున పెట్టేస్తారు.
నేనా మడత విప్పుకుంటూ పోతాను.
తెల్లవారుజామున సరస్సు ఒడ్డు స్టేషన్లో
పసిపిల్ల బండి తోసుకొస్తుంది ఒకావిడ.
దుప్పటి తీస్తే లోపల పొగ పట్టిన చేపలు,
వెచ్చగా, వరసగా, నిద్రపోతున్నట్టు.
బేరమాడితే తిట్టింది. రెండు కొన్నాను.

ఆ తర్వాత వస్తుంది జెత్‌కుదుక్.
స్టేషన్ కూడా కాదు, ఒక గది, ఒక నీళ్ల తొట్టి.
మా నాన్న పట్టాలు మార్చేవాడు అక్కడ.
టెలిగ్రాఫ్ స్తంభానికి చెవి ఆనించి
నేను మొదట శ్రుతి విన్నదక్కడే.
గాలి ఎటు తిరిగితే అటు మారే శ్రుతి,
ఏ పియానోకీ పనికిరానిది.
ఇప్పుడు తీగెల్లేవు. గదికి కప్పు లేదు.
రైలు ఆగదు. పదకొండు సెకన్లు.
లెక్కపెట్టుకున్నాను.

కొత్త శ్రుతిదండం ఇంకా నా జేబుకి అలవాటు పడలేదు.
మోకాలి మీద కొట్టి
దాని కాడను కిటికీ అద్దానికి ఆనించాను.
అద్దం అందుకుంది.
పైన సిపాయి గురక ఆపి, తల వేలాడేసి,
"ఏంటమ్మా అది?" అన్నాడు.

ఏం లేదులే, పడుకో.
కరగండా ఇంకా చాలా దూరం.