నాలుగో వరుస

గుంటూరు కొత్తపేట ఆసుపత్రులన్నీ
నిద్రకి ముందు ఒకసారి దగ్గుతాయి.
రాత్రి పదకొండున్నర.
రెండో అంతస్తులో ఏసీ గది, నేను,
నలభై ఒక్క కంప్యూటర్లు.
ఇక్కడివి కొన్ని, బ్రాడీపేటవి కొన్ని,
ఆరు మాత్రం నరసరావుపేట స్కానింగ్ సెంటర్లో.
తెల్లారేలోపు అన్నిటికీ
ఒకే గోదాము తలుపు చూపించాలి.

తలుపంటే ఒక చిన్న ప్యాకేజీ.
స్టోరేజి క్లయింటు అంటారు దాన్ని.
అది ఎక్కితే చాలు, ఎక్స్‌రే బొమ్మ
ఎక్కడ తీసినా ఇక్కడికొచ్చి పడుకుంటుంది.
చేత్తో ఒక్కోటీ ఎక్కించే ఓపిక లేక
స్క్రిప్టు రాసుకున్నాను.
మీట నొక్కి, క్యారేజీ మూత తీశాను. పులిహోర.

పదహారు ఎక్కాయి.
పదిహేడోది అడిగింది,
మళ్ళీ అడిగింది,
మూడోసారి అడిగి ఎర్రగా రాసింది:
మూలం దొరకలేదు.

నెట్ ఉంది. కరెంటు ఉంది.
కంపెనీవాళ్ళ సర్వరే పలకడం లేదు,
ఏ ఊళ్ళో ఉందో, ఏమైందో.
నా స్క్రిప్టు నాలుగో వరుసలో
ఉన్నది ఆ ఒక్క చిరునామా.
మార్చిలో మేకు కొట్టినట్టు కొట్టాను.
ఇది పోతే? అని ఎవరూ అడగలేదు,
నన్ను నేనూ అడుక్కోలేదు.

కిందికి దిగాను.
మీరావలి టీబండి దగ్గర స్టవ్వు సన్నగా ఉంది.
"డైరీ వ్యాన్ రాలేదు మేడం,
పెదకాకాని నుంచి తెప్పించా.
అయ్యీ ఐపోతే పొడి ఉంది."
గిన్నెలో పోయబోయి ఆగాడు,
చెంచాడు పాలు విడిగా కాచి చూశాడు.
"ఎవడు పోసినా సరే గానీ
విరుగుతాయో లేదో చూడకుండా కలపగూడదు.
ఒకసారి కలిపా.
నలభై టీలు కాలవలో పోశా."

సగం గ్లాసు అక్కడే వదిలేశాను.

నాలుగో వరుస చెరిపి
ఒక పేరు చోట ఒక వరస రాశాను:
ముందు మా గదిలోని మిర్రర్,
అందులో లేకపోతే కంపెనీ,
అదీ పలక్కపోతే లినక్సువాళ్ళ ఉమ్మడి కొట్టు,
ఆఖరికి బీరువాలో పెన్‌డ్రైవు.
నాకు ముందు ఇక్కడ చేసిన హేమసుందరి
మందుల ప్లాస్టరు మీద తేదీ రాసి
అంటించి పోయింది దానికి.
అప్పట్లో నవ్వాను.

రాయడం తేలికే.
పద్దెనిమిదో మిషనుకి ఉమ్మడి కొట్టులో దొరికింది
రెండేళ్ళ కిందటి సరుకు.
ఎక్కింది. పచ్చగా "అయింది" అంది.
గోదాము తలుపు ముందు నిలబడి
లోపలివాళ్ళ మాట అర్థంకాక
అలాగే ఉండిపోయింది.
ఎరుపు కనీసం అబద్ధం చెప్పదు.
పీకేసి మళ్ళీ మొదటికి.

ఇప్పుడు ఎవరు తెచ్చినా గుమ్మంలో రెండు ప్రశ్నలు:
నీ సంఖ్య ఎంత?
నీ మీది ముద్ర ఎవరిది?
కలవకపోతే పక్కగది మిర్రరైనా సరే
బయటే నిలబడాలి.
ఈ రెండు ముక్కలకి నలభై నిమిషాలు,
కామా చోట చుక్క పెట్టినందుకు
ఇంకో పావుగంట.

పదిహేడు, మిర్రర్ నుంచి.
పద్దెనిమిది కూడా.
బ్రాడీపేటలో ముసలి మిషను ఒకటి
ఎక్కడివీ సరిపోక
హేమసుందరి పెన్‌డ్రైవుకి లొంగింది.
ఆమె నంబరు నా ఫోన్లో లేదు.

నాలుగూ పది. బయట మిర్చి లారీలు
యార్డు వైపు పోతున్నాయి కాబోలు,
మూసిన కిటికీలోంచే గొంతులో గరగర.
గోదాములోకి మొదటి బొమ్మ దిగింది.
పురుషుడు, యాభై రెండు, హమాలీ.
నిచ్చెన మెట్లలా పక్కటెముకలు,
ఎడమవైపు కింద మబ్బు.
ఆ క్లయింటు ఏ దారిన వచ్చిందో లాగ్‌లో ఉంది.
అతనికి దాంతో పనిలేదు,
డాక్టరు చూస్తే చాలు.

పడుకునే ముందు నాలుగో వరుస పైన
ఒక వ్యాఖ్య రాశాను,
నా తర్వాత ఈ కుర్చీలో కూచునేవాళ్ళకి:
ముందు చెంచాడు కాచి చూడు.
అర్థంకాకపోతే కిందికి దిగి
మీరావలిని అడుగు.