అసలుది

బ్యాంకాక్‌లో రెండు కొన్నాను.
ఒకటి అద్దాల షాపులో. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి
ఎకరం చెరువు కౌలంత బిల్లేశారు.
రెండోది ఫుట్‌పాత్ మీద, గొడుగు కింద,
బేరమాడితే సగానికి సగం దిగింది.
అదే పేరు, అదే ముద్ర.

దొంగది మొగల్తూరు చెరువు మీద
కాపలా ఏసేబుకిచ్చాను.
"ఆయ్, ఫారిన్‌దాండీ?" అన్నాడు.
ఫారిన్‌దే, అబద్ధమేముంది.

అసలుది బీరువాలో, పట్టుచీరల కింద.
పెళ్ళికని తీస్తే ఆగిపోయి ఉంది.
చెయ్యి ఆడుతుంటేనే నడుస్తుందట అది.
పాలకొల్లు వాచీల సత్తిరాజు
నవ్వాపుకుంటూ చెప్పాడు.

రాత్రి ఫోను:
"కరెంటు పోయిందండి, రెండూ పదికి.
జనరేటరేసేశాను. రొయ్య తేల్లేదు."

సరేరా అని పెట్టేశాను.
నిద్ర రాలేదు.
లేచి, బీరువా తీసి,
దానికి
రెండూ పన్నెండు పెట్టుకున్నాను.