లాభం, రెండు, మూడు

మా లెక్కల్లో ఒకటి లేదు.
వడ్లు కొలిచినా, కొబ్బరికాయలు ఎంచినా
మొదటిది లాభం,
తర్వాతది రెండు.
ఒకటో క్లాసులో మేష్టారు
పలక మీద ఒకటి వేసి ఇదేంటే అంటే
లాభమండి, అన్నానట.
నాన్న ఊరంతా చెప్పుకుని నవ్వేవాడు.

ఆ కార్తీకంలో దింపుకి నన్నూ తీసుకెళ్లాడు.
సావుకారు తరఫున కాయలెంచేది నాన్న,
గీతలు గీసే కుర్రాడికి జ్వరం.
నూరు జతలైనప్పుడల్లా ఒక గీత, అంతే,
అని నోటుబుక్కు నా చేతికిచ్చాడు.
కౌశిక ఒడ్డున మంగాయమ్మ గారి తోట.
ఆవిడ అరుగు మీద ఈనెలు తీసుకుంటోంది.
కళ్లలో శుక్లాలు,
చూపంతా చేతుల్లోనే.

చేతికో కాయ పట్టి విసిరేవాడు నాన్న.
లాభం, రెండూ, మూడూ...
ఆ గొంతంటే నాకిష్టం.
కాయ మీద కాయ పడే చప్పుడు దానికి దరువు.

ముప్పై ఎనిమిది.
ముప్పై తొమ్మిది.
ముప్పై.

తడబడ్డాడనుకున్నాను.
నలభై నాన్నా, అనబోయి నోరు తెరిచాను.
చెయ్యి ఆగలేదు. గొంతు మారలేదు.
కళ్లు మాత్రం ఒక్కసారి ఇటు తిరిగి
నా నోరు మూసి వెళ్లిపోయాయి.

రెండో నూరులో డెబ్భై దగ్గర.
నాలుగో నూరులో మళ్లీ ముప్పై దగ్గర.
ఎక్కడొస్తుందో నాకు ముందే తెలిసిపోతోంది,
అందుకే భయమేసింది.

“ఎన్నయ్యాయే అమ్మాయ్?”
గీతలు చూసి చెప్పాను.
“సరిగ్గా చూశావా?”
“ఆయ్.”
“చదువుకునే పిల్లవి, నీ నోట తప్పు రాదులే” అంటూ
మొలకొచ్చిన కాయ పగలగొట్టించి
లోపలి పువ్వు నా చేతిలో పెట్టింది.
తెల్లగా, మెత్తగా, గుప్పెడంత.
తిన్నాను.
తియ్యగా ఉండకూడదు కదా,
ఉంది.

వచ్చేటప్పుడు ఏటిగట్టంతా గతుకులు.
ఎప్పుడూ నాన్న వీపుకి చెంప ఆనించి కూర్చునేదాన్ని.
ఆ పూట మోపెడ్ వెనక కడ్డీ పట్టుకున్నాను.
లాకుల దగ్గర బజ్జీలు కొనబోతే
ఆకల్లేదన్నాను.
అదీ అబద్ధమే, ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

మర్నాడు టెన్త్ పరీక్ష ఫీజు కట్టాం.
కిటికీ అవతల క్లర్కు
వేలు తడుపుకుంటూ నోట్లు లెక్కపెడుతున్నాడు.
నాన్న గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.
నేను క్లర్కు పెదాలు చూస్తున్నాను.