నాలుగో స్టేషన్

లోహం తొడిగిన చెయ్యి ఏట్లో పెట్టకూడదని
శిక్షణలో మొదటి రోజే చెప్పారు.
అందుకే ముదివర్తి దగ్గర జీపు దిగకముందే
ఉంగరం తీసి పర్సులో వేస్తాను,
తర్వాత వాచీ, గాజులు,
చివరికి పైట పిన్నీసు కూడా.
స్టీలు గరిటె నిషిద్ధం, ప్లాస్టిక్ తెడ్డే.
రాత్రంతా ఆసిడ్‌లో నాని మూడుసార్లు కడిగించుకున్న సీసాలు.
మా అమ్మ ఆవకాయ జాడీకి కూడా ఇంత మడి లేదు.

పడవలో పోలయ్య నవ్వుతాడు:
"పెన్నలో దిగేదానికి ఇంత ఆచారమేంది ల్యాబమ్మా,
మేం పుట్టినకాడ్నించీ ఇందులోనే మునుగుతా ఉండామే."

ముందు నీళ్లు.
రెండు చుక్కల నైట్రిక్, మూత, చీటీ, ఐసు పెట్టె.
నీళ్లు బస్సులో జనం లాంటివి,
ఎక్కడ ఎక్కారో చెప్పకుండా దిగిపోతాయి.
అడుగున ఒండ్రు మాత్రం కండక్టరు,
సంగం నుంచి సముద్రం దాకా
చిల్లరతో సహా సంచిలో దాచుకుంటుంది.

కాడ్మియం: గుర్తింపు హద్దుకి దిగువ.
మూడేళ్లుగా ఇదే మాట రాస్తున్నాను.
"అంటే లేదనా?" అడిగాడు ఒకసారి.
లేదని కాదు పోలయ్యా,
మా మిషన్‌కి వినపడలేదని.
"మా నాయనా అంతే. వినపడకుంటే, ఎవురూ పిలవలా అనేవోడు."

సీసం వినపడింది.
ఒండ్రులో. నాలుగో స్టేషన్‌లో మాత్రమే.
మూడు వానాకాలాలూ గ్రాఫులో ఆ ఒక్క గీత
తరగతిలో చెయ్యెత్తిన పిల్లాడిలా నిలబడింది.
మళ్లీ చెయ్యమన్నారు సార్. చేశాను.
నీ ఉంగరమేమో అన్నారు. పర్సు చూపించాను.
ఎర్ర పెన్సిల్‌తో మ్యాపు మీద అనుమానితుల్ని చుట్టాను:
రైసుమిల్లు కాలువ, రోడ్డు వంతెన,
పాత బ్యాటరీలు కరిగించే రేకుల షెడ్డు.

ఆ పొద్దున పోలయ్య
ఒడ్డున కూర్చుని విసురువల బాగుచేస్తున్నాడు.
వల అంచుకి ఒక్కో గుండూ ఎక్కించి
పళ్ల మధ్య పెట్టి కొరికి బిగిస్తున్నాడు.
మెత్తని బూడిదరంగు గుండ్లు.
పక్కన మనవరాలు రవణి
నాలుగు గుండ్లతో అచ్చనగాయలాడుతోంది,
ఒకటి బుగ్గలో.

నా చేతిలో తెడ్డు ఆగిపోయింది.
ఎక్కడివి పోలయ్యా?
"షెడ్డులో పోసిస్తారు, కిలో లెక్కన."
వలకెన్ని?
"నూట నలభై కట్నా. ఇప్పుడు నూట పదకొండు ఉండాయి."
మిగతావి?
గడ్డంతో ఏటి వైపు చూపించాడు.
"యాడాడ తెగినియ్యో నాకెరికే.
మునిగిన తుమ్మమొద్దు కాడ ఆరు,
పాత తూము కాడ తొమ్మిది,
తక్కినియ్యి ఈడే, మనం నిలబడిన కాడ.
మా నాయనియ్యి ఇంకా అడుగున ఉంటాయి."

ఇంత తేటగా ఏ యంత్రమూ నాకు చెప్పలేదు.

రిజిస్టరులో 'మూలం' అని ఒక గడి ఉంది.
రైసుమిల్లు కాలువ అని ముందే రాసిపెట్టుకున్నాను.
కొట్టెయ్యలేదు. ఉంచనూ లేదు.
ఇరవై తొమ్మిది గుండ్లతో ఇంత గీత లేవదు,
లెక్క ఇంకా చెయ్యాలి.
కానీ రేవులో ముప్పై వలలు,
ఒక్కో వల వెనక ఒక తాత.
వాళ్ల పంటిగాట్లు
మిల్లిగ్రాముల్లోకి ఎలా మార్చను?

ఉమ్మెయ్యమ్మా, అన్నాను రవణితో.
ఉమ్మింది. ఎండలో తళుక్కుమంది.
"తియ్యగుంటది," అంది.

పెట్టెలో ఒక సీసా ఖాళీగా మిగిలింది.
ఆ రెండు చిన్న చేతులూ గరాటు మీద పట్టి
డిస్టిల్డ్ వాటర్ నెమ్మదిగా పోశాను.
వేళ్ల సందుల్లోంచి
బూడిదరంగు సన్నగా దిగింది.
మూత బిగించి, చీటీ అంటించి,
స్టేషన్ నంబరు రాసే చోట
పెన్ను ఆనించి అలాగే కూర్చున్నాను.

పోలయ్య వల పక్కన పెట్టాడు.
"అయిదోదా ల్యాబమ్మా?"
అన్నాడు, ఈసారి నవ్వకుండా.