కింది రెండు మెట్లు

రోవిన్‌లో వీధిరాళ్ళు
నూనె రాసినట్టు మెరుస్తాయి.
వాన పడి కాదు,
పాదాలు పడి పడి, కొన్ని వందల ఏళ్ళు.
నేనూ పడ్డాను.

చేయందించిన ముసలామె పేరు నీవెస్.
"మొదటిరోజు అందరూ ఇక్కడే" అంది.
ఊరి తరఫున క్షమాపణేమో
రెండు అంజూరపళ్ళు అరచేతిలో పెట్టింది,
ఒకటి కాస్త చితికింది.

ఆమె పెరటి తలుపు తీస్తే పెరడు లేదు.
ఏడ్రియాటిక్.
గడప కింద ఐదు మెట్లు.
పై మూడూ రోజూ తడిగుడ్డతో తుడుస్తుంది,
నాచు పట్టిన కింది రెండిటి జోలికి పోదు.
"అవి సముద్రానివి.
మా అత్తగారి కాలంలోనే పంపకాలైపోయాయి."

గంటగోపురం కొసన రాగి సాధ్వి
గాలి ఎటు వీస్తే అటు తిరుగుతుంది.
జాలర్లు ఆవిడ మొహం చూసిగాని
పడవ తాడు విప్పరు.
నీవెస్ తలెత్తదు.
దక్షిణపు గాలి సంగతి
తన ఎడమ మోకాలు ముందురోజే చెబుతుందట.

చెప్పినట్టే ఉంది.
పొద్దు వాలేసరికి
నీళ్ళు మూడో మెట్టెక్కాయి,
పొద్దున తుడిచిన మెట్టు.

ఆమె తగువుకి పోలేదు.
చెప్పులు తీసి ఒక మెట్టు పైన పెట్టుకుంది.
నన్నూ
కాస్త జరగమంది.