ఓటీపీ వచ్చేలోపు

పొదలకూరు నిమ్మకాయల మార్కెట్టుకు ఎదురుగా
మూడు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, నేను.
ఇంటర్ ఫలితాలొచ్చినాక రెండు నెలలు
పిలకాయల జాతకాలన్నీ నా వేళ్ళ కిందే నడుస్తాయి.
హాల్‌టికెట్టు నంబరు వాళ్ళే చెప్తారు, పుట్టిన తేదీ చెప్తారు,
ఏం చదవాలో మటుకు పక్కనున్న మామ చెప్తాడు.

నేను కొడతా.
సి.ఎస్.ఇ., సి.ఎస్.ఇ., కాలేజీ మార్చి మళ్ళీ సి.ఎస్.ఇ.
నలభై ఆప్షన్లకీ ఒకే మాట.
నా కీబోర్డు మీద సి అక్షరం అరిగిపోయింది.
ఆ మీట ఎక్కడుందో ఇప్పుడు వేలికి తెలుసు, కంటికి తెలీదు.

ఆ రాత్రి షట్టరు సగం దించినాక
వంగి లోపలికొచ్చింది ఒక పిల్ల. ప్రసూన.
సైదాపురం అవతల నించి చిన్నాయన బండి మీద.
ఆయన బయటే, ఇంజను ఆపకుండా.

ఫైలు తెరిస్తే ఎంసెట్ ర్యాంకు కార్డు పైనే ఉండాది.
మంచి ర్యాంకు.
అలవాటు చొప్పున ఇంజినీరింగ్ పేజీ తెరిచా.
"అది కాదన్నా, డిగ్రీది" అంది.
"జియాలజీ పెట్టు."

ఇన్నేళ్ళలో ఆ మాట ఎవురికోసమూ వెతకలా.
జాబితా కిందికి, ఇంకా కిందికి పోతే
ఎవురూ తొక్కని మెట్టు మీద ఉండాది.
రాళ్ళ చదువు గదమ్మా అది, అన్నా.

ఆ పిల్ల జామెట్రీ బాక్సు తీసింది.
కోణమానిని కింద అభ్రకం ముక్క.
గోటితో అంచు పట్టి లాగితే
ఒక పొర వచ్చింది, అందులోంచి ఇంకో పొర,
ట్యూబ్‌లైటు వాటిలోంచి దూరి
నా బిల్లు పుస్తకం మీద పడింది.

"మా అవ్వ పోలమ్మ, షెడ్డులో ముప్పై ఏళ్ళు ఇదే పని.
రాయి చేతిలో పెడితే చాలు
ఎన్ని పొరలొస్తాయో చూడకనే చెప్పేది.
మాపటేళ చీకట్లో చీర మెరిస్తే
మా నాయన 'అమ్మొస్తా ఉంది' అని పొయ్యి ఊదేవాడంట.
తర్వాత దగ్గొచ్చింది."

అక్కడ ఆగింది. బయట బండి గుర్రుమంది.

"పొరలెన్నో అవ్వకు తెలుసన్నా.
పొరలెందుకయ్యాయో తెలీదు.
ఒకసారి మేస్త్రీని అడిగిందంట.
నీ కూలి లెక్క చూసుకో అన్నాడంట."

ఉద్యోగం సంగతి అడగబళ్ళా గదా, అడిగా.
"తెలీదన్నా."
అంత నిదానంగా తెలీదన్నవాళ్ళను నేను చూళ్ళా.
ఇక్కడికొచ్చేవాళ్ళంతా జీతంతో సహా తెలిసినవాళ్ళే.
నేనూ అట్టా తెలిసే బి.కాం. చదివినా.
మా బావకు తెలుసు గాబట్టి.

పదకొండూ నలభై.
ఓటీపీ వాళ్ళ నాయన ఫోనుకు పోయింది.
ఆయన కృష్ణపట్నం పోర్టు గేటు కాడ
లారీల వరసలో నూట పన్నెండోవాడు.
ఫోను చేస్తే ముందుగా అడిగిన మాట:
"సి.ఎస్.ఇ.యే గదా పెట్టింది?"

ఆ పిల్ల నన్ను చూసింది.
నేను అవునంటే అయిపోయేది.
ఎంతమందికి అన్లేదు!
ఫోను తీసి ఆమె చేతికిచ్చా.

"కాదు నాయనా. జియాలజీ.
అవ్వ రాయి ఉండాదే, ఆ చదువు."

అవతల మాట లేదు.
లారీ ఇంజను, ఎవురిదో హారను, సముద్రపు గాలి.
స్పీకరు మీద ఆ గాలి చానాసేపు వినిపించింది.
పదకొండూ నలభై ఏడు.
ఓటీపీకి పది నిమిషాలే ఆయుస్సు, ఆయనకా సంగతి తెలీదు.

అప్పుడు గొంతు సవరించుకొని
అంకెలు చదివాడు, ఆరూ గబగబా.
మళ్ళీ తనే,
ఎవురూ అడక్కుండానే,
ఒక్కొక్కటిగా, నిమ్మళంగా చదివాడు.

ప్రింటు తీసిచ్చా. ఇరవై రూపాయలిచ్చింది, తీసుకున్నా.

తెల్లారి అన్నం పెడతా మా పాప
నా చొక్కా జేబు కాడ వేలు పెట్టి
ఏంది నాయనా ఇది, మెరస్తా ఉండాది, అనింది.
పేరు చెప్పా.
ఎందుకు మెరస్తాదంది.

తెలీదమ్మా, అన్నా.